నిచ్చెనలు ఎక్కువైన ఓడ

వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని తలుపుల బాబాయ్ అనే పిలుస్తారు. తలుపులు చేసే వడ్రంగి అనుకునేరు, కానే కాదు. తలుపు వెయ్యనివ్వని మనిషి. వీధి గుమ్మం బార్లా, వంటగది బార్లా, పడగ్గది బార్లా. స్నానాల గదికి మాత్రం పిన్ని పోరు పడలేక ఒక కర్టెన్ వేలాడదీశాడు. దాన్ని కూడా సగమే మూస్తాడు. ఆయన స్నానం చేస్తున్నంతసేపూ అటు ఎవరూ రాకుండా పిన్ని కాపలా కాయాలి.

"మా ఇల్లంటే దొంగలకి కూడా విసుగేనమ్మా. శ్రమే లేకపోతే వాళ్ళకి మాత్రం ఏం సరదా?" అంటుంది పిన్ని. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడేస్తుంది. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి కాబట్టి కూర్చున్న చోటునుంచే లోకాన్ని ఏలుతుంది.

నవ్వేవాళ్ళకేం, ఎన్నైనా నవ్వుతారు. భయమనేది పడ్డవాడికి తెలుస్తుంది. బాబాయ్ లిఫ్టు ఎక్కడు. సినిమాకి వెళ్తే తలుపు పక్క సీటు దొరకాలి, లేకపోతే టికెట్టు వదులుకుని ఇంటికొచ్చేస్తాడు. తలమీంచి తొడుక్కునే బనియను కూడా ఆయనకి పడదు. మొహం మీద గుడ్డ ఉన్న ఆ ఒక్క క్షణం కూడా ఓర్చుకోలేడు. పాపం, ఇదంతా ఆయన పుట్టుకతో తెచ్చుకున్న జబ్బేం కాదు.

ఆయన పనిచేసింది ఓడల యార్డులో. పైన డెక్కు మీద గాలికి నిలబడి చేసే పని కాదు. ఓడ అట్టడుగున రెండు ఇనప నేలల మధ్య ట్యాంకులుంటాయి. మనిషి మోకాళ్ళ మీద పాకేంత ఎత్తు. అందులోకి దిగి సుత్తితో తుప్పు రాల్చడం ఆయన పని. లోపలికీ బయటికీ దారి ఒక్కటే, భుజాలు పట్టీ పట్టని గుండ్రటి కంత. ఆ కంత పక్కన పైన ఒక మనిషి కాపలా ఉండాలి. కాసేపటికోసారి పైవాడు ఇనప నేల మీద రెండు దెబ్బలు కొడతాడు. లోపలివాడు రెండు దెబ్బలు కొట్టి బదులిస్తాడు. దీన్ని వాళ్ళు 'పలకరింపు' అనేవారు. బదులు రాకపోతే పైవాడు అందరినీ కేకేసి పని ఆపించాలి. లోపలివాడు మాత్రం ముందుగా కొట్టకూడదు. వాడి చేతిలో ఎప్పుడూ సుత్తే, వాడు కొట్టేదంతా పనే. అందులో ఏది పని దెబ్బో, ఏది ప్రాణం మీదికి వచ్చిన దెబ్బో పైవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని పిలుపు ఎప్పుడూ పైనుంచే రావాలని కట్టుబాటు.

ఒకరోజు సాయంత్రం కాపలావాడు టీ తాగొద్దామని వెళ్ళాడు. ఇంతలో వాన మొదలైంది. అటుగా పోతున్న ఇంకో పనివాడు, వాడూ మంచివాడే, ట్యాంకుల్లోకి నీళ్ళు దిగుతాయని వరసగా మూతలన్నీ వేసి బోల్టులు బిగించుకుంటూ పోయాడు. తిరిగొచ్చిన కాపలావాడు మూత బిగించి ఉండటం చూసి, బాబాయ్ పైకి వచ్చేశాడనుకుని వెళ్ళిపోయాడు. లోపల బాబాయ్ కట్టుబాటు పక్కనపెట్టి బాదడం మొదలెట్టాడు. పైన ఓడంతా సుత్తుల మోత. అందులో ఈయన సుత్తి ఎవడికి కావాలి? అయినా ఆ మోత ఉన్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాడట. పైన మనుషులున్నారన్న మాటే కదా! తర్వాత డ్యూటీ దిగే సైరను కూసింది. సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరి సుత్తి కూడా ఆగాక వచ్చిన నిశ్శబ్దం ఉందే, దాన్ని ఆయన ఈనాటికీ మాటల్లో చెప్పలేడు. పొద్దున్న డ్యూటీవాళ్ళు మూత తీసేసరికి కూడా కొడుతూనే ఉన్నాడు. చేతిలోంచి సుత్తిని లాక్కోవలసి వచ్చింది.

"ఓవర్‌టైము చేస్తున్నారనుకుని నేను తిని పడుకున్నా. హాయిగా నిద్ర కూడా పట్టింది." ఈ ముక్క మాత్రం పిన్ని నవ్వుతూ చెప్పదు.

సరే, ఆ ఉద్యోగం అయిపోయింది. రిటైరైన రోజున తోటివాళ్ళు, ప్రేమకో ఎగతాళికో మరి, ఒక పెట్టె చేతిలో పెట్టారు. చెక్క ఓడ కట్టుకునే సామాను. అదైనా పూర్తి ఓడ కాదు. తెరచాపల కాలంనాటి యుద్ధ ఓడని నడుం దగ్గర రొట్టెముక్కలా కోస్తే ఎలా ఉంటుందో ఆ ముక్క. అటూ ఇటూ తెరిచే ఉంటుంది. లోపలి అంతస్తులు, పీపాలు, ఫిరంగి, నీళ్ళు తోడే పంపు అన్నీ బయటికి కనిపిస్తాయి. "ఇంకా నాకు ఓడల మొహం చూడాలనే ఉంది మరి!" అని బాబాయ్ దాన్ని బీరువా మీద పడేశాడు. అక్కడే ఉండిపోయింది.

దాన్ని కిందికి దింపించింది ఆయన కుడిచెయ్యి. మొదట వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. తర్వాత టీ గ్లాసు జారింది. ఆ తర్వాత ఎవరికో చిల్లర ఇవ్వబోయి నేలపాలు చేశాడు. డాక్టరు చూసి, మెడలో ఎక్కడో నరం నొక్కుకుంటోంది, ఎక్కడన్నది స్కాను తీస్తే గానీ తెలియదు, అది తెలియకుండా ఎవరూ కత్తి పట్టరు, ఆలస్యమైతే చెయ్యి చచ్చుబడి అలాగే ఉండిపోతుంది, అందాకా వేళ్ళకి పని చెబుతూ ఉండాలి అన్నాడు.

"స్కానంటే ఏం చేస్తారండీ?" అడిగింది పిన్ని.

"ఏం లేదమ్మా. గొట్టంలాంటి మిషన్లో కాసేపు కదలకుండా పడుకోవాలి. అంతే."

అంతేనట! బాబాయ్ స్కాను సెంటరుకి వెళ్ళడమైతే వెళ్ళాడు. గౌను తొడుక్కున్నాడు, బల్ల మీద పడుకున్నాడు కూడా. బల్ల కదిలి ఆ గుండ్రటి కంత తలమీదికి వస్తుంటే ఒక్క ఉదుటున దూకి, వెనక నాడాలు ఊడిపోయిన ఆ గౌనుతోనే రోడ్డు మీదికి పరిగెత్తాడు. పిన్ని ఆయన చొక్కా, ప్యాంటు చంకలో పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని వెనకాల. "ఏవండీ, ఆగండి! ముందు కాదు, వెనక చూసుకోండి!" అని ఆవిడ అరుపులు. బస్టాపు జనానికి ఆవేళ మంచి కాలక్షేపమైంది. ఇంటికొచ్చాక బాబాయ్ మాత్రం పిల్లాడిలా మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వణికిపోయాడు.

మర్నాడే పెట్టె కిందికి దిగింది.

"వేళ్ళకి పని చెప్పమన్నాడు కదా డాక్టరు. ఈ ఓడ కట్టి చూపిస్తా. ఇంత సన్నపని చేసే చేతికి స్కానెందుకు?" అన్నాడు బాబాయ్.

"కట్టలేకపోతే?"

"కడతాగా!"

"ఊరికే కాదు. కట్టలేకపోతే స్కానుకి వస్తారా?"

బాబాయ్ పెట్టె విప్పడం మొదలెట్టాడు. పిన్ని దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టింది.

పని చూడ్డానికి ముచ్చటగానే సాగింది. ముందు అడుగున వెన్నుదూలం నిలబెట్టాడు. దానిమీద పక్కటెముకల్లాంటి వంకీలు వరసగా అతికించాడు, జిగురు ఆరేదాకా బట్టల క్లిప్పులు బిగించి ఉంచాడు. పైన వేసే సన్నపలకల్ని వేణ్ణీళ్ళలో నానేసి, మెత్తబడ్డాక గ్లాసుకి చుట్టి వంచాడు. రెండు పలకల మధ్య అసలు ఓడల్లో తారు పూసినట్టు కనబడాలని పలక అంచుకి పెన్సిలు రాశాడు. మేకుల కోసం సూదితో కన్నాలు పొడిచి, పుల్లలు దిగ్గొట్టి, కొస కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. ఎక్కువపని ఎడమచేత్తో చేస్తూ, పిన్ని వచ్చిన చప్పుడైతే చటుక్కున కుడిచేతికి మార్చేవాడు. ఆవిడకి తెలియదనుకున్నాడు! సూదిలో దారం ఎక్కించడం చూసి కుట్టుపనికొచ్చిన కొత్తమ్మాయి పనితనం ఎంతో చెప్పేసే మనిషికి తెలియకపోవడమా?

అయితే పిన్నిని ఎక్కువ కలవరపెట్టింది చెయ్యి కాదు, నిచ్చెనలు. పెట్టెలో వచ్చినవి రెండే. బాబాయ్ అవి పెట్టేసి ఊరుకోలేదు. ఐస్‌క్రీము పుల్లలు చీల్చి ఇంకొకటి చేశాడు. పీపాలుండే అడుగు గదికొకటి. పంపు పక్కన ఒకటి. ఫిరంగి వెనకాల, మనిషి నిలబడే చోటే లేని మూలలో, ఇంకొకటి. చివరికి ఓడ బయటి గోడకి కూడా రెండు వేలాడాయి.

"ఇది ఓడా, నిచ్చెనల కొట్టా?" అంది పిన్ని.

"మనిషన్నాక ఎక్కాలి, దిగాలి."

"కోసిన రెండు పక్కలా గోడే లేదు కదండీ దీనికి! అంతగా అయితే పక్కకి దూకేస్తాడు."

బాబాయ్ ఓడ వైపు కొత్తగా చూశాడు. నిజమే, గోడ లేదు. అయినా ఆ రోజు సాయంత్రం ఇంకో నిచ్చెన తయారైంది.

పెట్టెలో ఇంకా రెండు సామాన్లు మిగిలిపోయాయి. ఒకటి డెక్కు మధ్య కంతకి వేసే మూత, పుల్లలు అడ్డంగా నిలువుగా అల్లిన జల్లెడలాంటిది. రెండోది ఒక మనిషి బొమ్మ. ఓడ ఎంత పెద్దదో చూసేవాళ్ళకి అర్థం కావడానికి ఇస్తారు, చిటికెన వేలంత చెక్క మనిషి. మూతని బాబాయ్ ముట్టుకోలేదు. బొమ్మని పట్టుకుని ఈ అంతస్తులో పెట్టబోయాడు, ఆ అంతస్తులో పెట్టబోయాడు, ఎక్కడా చెయ్యి రాలేదు. "నీ దగ్గర ఉంచు" అని పిన్ని చేతికిచ్చేశాడు. ఆవిడ వాణ్ణి కుట్టుమిషను మీద, సూదులు గుచ్చే దిండు పక్కన నిలబెట్టింది.

ఇక మిగిలింది ఫిరంగికి తాళ్ళు కట్టడం. దారంతో ముడి వేసి కొస కోసెయ్యాలి. ఆవేళ పిన్ని టీ పట్టుకుని వచ్చేసరికి బాబాయ్ కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చుకుని, బ్లేడు పట్టుకుని, ఊపిరి బిగబట్టి కోస్తున్నాడు.

"అరె, రంగు కూడా వేసేశారే! డెక్కుకి ఎరుపు బావుందండీ."

"రంగా? ఇంకా రంగు దాకా ఎక్కడొచ్చానే?"

ఇద్దరూ డెక్కు వైపు చూశారు. పలకల మధ్య పెన్సిలు గీతల వెంబడి ఎరుపు సన్నగా పాకుతోంది. ఫిరంగి చక్రాల కింద చిన్న మడుగు కట్టింది. ఎక్కణ్ణించి వస్తోందా అని బాబాయ్ ఓడని తిప్పి చూశాడు. ఓడంతా చూశాడు గానీ తన చెయ్యి చూసుకోవాలని తోచలేదు. పిన్నే ఆ కుడిచెయ్యి పట్టుకుని పైకి ఎత్తింది. బొటనవేలు కండ దాకా తెగి ఉంది. బ్లేడు ఇంకా అందులోనే ఉంది.

"నొప్పి పుట్టలేదా?" అంది.

"లేదే" అన్నాడు బాబాయ్. ఆ మాట తన చెవిన పడ్డాక గానీ ఆయనకి భయం వెయ్యలేదు. వేసిందంటే అలాంటిలాంటి భయం కాదు. ఈ చెయ్యి నాది కాదా అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. పిన్ని పాతచీర చింపి కట్టుకట్టింది. పందెం మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. చివరికి ఆయనే అన్నాడు.

"వస్తానే. కానీ నన్ను అందులో పెట్టేసి నువ్వు బయటికి పోకూడదు."

"ఎక్కడికి పోతాను?"

"టీకి."

పిన్ని నవ్వబోయి ఆగిపోయింది. ఆయన నవ్వులాటకి అనలేదు.

స్కాను సెంటరు అమ్మాయి ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. "అంకుల్, ఈసారి గౌను మాకు వదిలేసి వెళ్ళండి" అంది. మంచి పిల్లే. పిన్ని లోపల ఉండొచ్చా అంటే, ఉండొచ్చు గానీ ఒంటిమీద ఇనుమన్నది ఉండకూడదంది. పిన్ని ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో వెయ్యడం మొదలెట్టింది. భుజం పిన్నీసు, కుచ్చిళ్ళ పిన్నీసు, జళ్ళో పిన్నులు, కొంగు చివర మరిచిపోయిన గుండుసూదులు, నడుములో దోపిన కత్తెర.

"ఆంటీ, మీరు మనిషా, సూదుల డబ్బానా?"

"అలవాటమ్మా. ఒక్క కుర్చీ వేస్తావా, నా మోకాళ్ళు మంచివి కావు."

"మా దగ్గరున్నవన్నీ ఇనప కుర్చీలే ఆంటీ, లోపలికి తేకూడదు. మీరు బయట కూర్చోండి, పర్లేదు."

"అయితే నిలబడతా" అంది పిన్ని.

ఇద్దరి చెవుల్లోనూ మోత వినకుండా దూది కుక్కారు. బాబాయ్ ఎడమచేతిలో ఒక రబ్బరు బంతి పెట్టారు. మరీ ఓర్చుకోలేకపోతే నొక్కమన్నారు. నొక్కితే బయటికి తీసేస్తారు, కానీ తీసిందంతా వృథా. బల్ల కదిలింది. కంత తలమీదికి వచ్చింది, గడ్డం మీదికి వచ్చింది, గుండెల మీదికి వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మూసుకుంటే ట్యాంకు కనబడింది, తెరిస్తే గొట్టం కనబడింది. పాదాలు మాత్రం బయటే ఉన్నాయి. ఆ పాదాన్ని ఒక చెయ్యి పట్టుకుంది. అరికాలి మీద గోటితో రెండు దెబ్బలు.

పలకరింపు! ఈవిడకి ఎవరు చెప్పారు? ఎప్పుడో చీకట్లో ముక్కలు ముక్కలుగా తనే చెప్పి ఉంటాడు.

అంతలో మిషను మొదలెట్టింది. ఠక్ ఠక్ ఠక్ ఠక్ అని తల చుట్టూ సుత్తుల మోత. అందరూ భయపడేది ఆ చప్పుడికేనట. బాబాయ్‌కి మాత్రం ఒళ్ళు కాస్త వదులైంది. కొట్టుకోండిరా నాయనా, కొట్టుకోండి. పైన మనుషులున్నారు. డ్యూటీ ఇంకా దిగలేదు.

మోత ఆగింది. నిశ్శబ్దం మీదపడే లోపల అరికాలి మీద రెండు దెబ్బలు. మళ్ళీ మోత. మళ్ళీ ఆగింది, మళ్ళీ రెండు దెబ్బలు. ఇలాగైతే గట్టెక్కుతాననే అనుకున్నాడు.

తర్వాతి మోత చాలాసేపు సాగింది. అది ఆగాక దెబ్బలు రాలేదు.

ఎదురుచూశాడు. పాదం మీద చెయ్యి కూడా లేదు. ఎప్పుడు తీసేసిందో మోతలో తెలియనేలేదు. చెమట చెవుల్లోకి కారుతోంది. వెళ్ళిపోయింది. మోకాళ్ళు నొప్పెట్టి బయట కూర్చోడానికి వెళ్ళి ఉంటుంది, ఎవరో టీ ఇచ్చి ఉంటారు. అందరూ వెళ్ళిపోయారు. మూత పడింది. గొంతులోంచి కేక వస్తోంది గానీ నోరు తెరుచుకోవడం లేదు. బంతి చుట్టూ వేళ్ళు బిగుసుకున్నాయి. నొక్కితే చాలు, వెలుతురు. నొక్కితే కుడిచెయ్యి పోయినట్టే, మూడోసారి వచ్చే మనిషి కాదు తను, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

లోపలివాడు ముందుగా కొట్టకూడదు. కానీ ఇప్పుడు చేతిలో సుత్తి లేదు కదా. ఈ దెబ్బని పని దెబ్బ అని ఎవరూ పొరబడరు. బాబాయ్ కాలి బొటనవేలిని రెండుసార్లు ఆడించాడు.

"అంకుల్, కదలొద్దు! కొంచెమే ఉంది!" అని మైకులో అమ్మాయి కసిరింది.

నిశ్శబ్దం. వేళ్ళు బంతిలోకి దిగుతున్నాయి. అప్పుడు రెండో పాదం మీద, అదీ అరికాలి మీద కాదు, చీలమండ పక్కన, అరచేత్తో చరిచినట్టు గట్టిగా రెండు దెబ్బలు పడ్డాయి. మిషను మళ్ళీ మొదలైంది. బాబాయ్ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. తుడుచుకోవడానికి కదలకూడదు కాబట్టి కారనిచ్చాడు.

బల్ల బయటికి వచ్చాక చూస్తే పిన్ని నేల మీద ఉంది. కాళ్ళు రెండూ ఒక పక్కకి మడిచి, బల్లకి ఆనుకుని, ఒక చెయ్యి పైకెత్తి ఆయన కాలు పట్టుకుని ఉంది.

"మోకాలు పట్టేసి పడిపోయానండీ. లేవడం నావల్ల కాలేదు. ఎటు పాదం అందితే అటు కొట్టా" అంది.

స్కానులో నరం సంగతి తేలింది. ఆపరేషనుకి రోజు పెట్టారు. "కత్తికి నాకు భయం లేదే. ఆ గదికి తలుపేస్తారేమో కనుక్కో" అన్నాడు బాబాయ్. వేస్తారు, వెయ్యరా మరి! ఆ భయం ఆయన్ని వదల్లేదు. వదులుతుందని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

ఇంటికొచ్చాక కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఓడ ముందు కూర్చున్నాడు. డెక్కు మీద మరక అలాగే ఉంది. గరుకు కాగితంతో రుద్దితే పోతుంది గానీ రుద్దలేదు. కాసేపటికి పెట్టెలోంచి జల్లెడ మూత తీసి ఎడమచేత్తో కంత దగ్గరికి తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

పిన్ని గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. గుప్పిట్లో చెక్క మనిషిని తెచ్చింది. కంత పక్కన, బయట, డెక్కు మీద వాణ్ణి నిలబెట్టింది.

"ఇప్పుడు వెయ్యండి మూత. వీడు టీకి వెళ్ళడు" అంది.

బాబాయ్ ఆ బొమ్మ వైపు చూశాడు. "పాపం, ఎంతసేపని నిలబడతాడే? కూర్చోబెడదామంటే వంగే బొమ్మ కాదు."

"నిలబడనీండి. వాడి మోకాళ్ళకేం, చెక్కవి" అంది పిన్ని.

బాబాయ్ మూత అంచుకి జిగురు రాశాడు.